సందు

ఏడో దూలం మీద కాళ్లు చెరో పక్కా ఆనించి
తల వెనక్కేసి పైకి చూస్తా
కర్ర అందుకుంటున్నాడు మాలకొండయ్య.
కింద నేను. నా చేతిలోంచి ఆదెయ్యకు,
ఆదెయ్య చేతిలోంచి అతనికి
పచ్చాకు కర్రలు ఎక్కుతున్నాయి బ్యారన్లోకి.
దూలం విరిగిన చప్పుడు నేను వినలేదు.
ఆకు గలగలే విన్నా.
చూసేసరికి పొగగొట్టం మీద కూలబడి ఉన్నాడు
అన్నానికి కూర్చున్నట్టు.

ఒంగోలు ఆస్పత్రిలో డాక్టరమ్మ
స్కానింగు అట్టను కిటికీకి ఎత్తిపట్టింది.
ఇదీ నడుం పూస, నలిగిపోయింది.
దీని వెనక ఈ తెల్లటిది నరాల దారి.
శనగ్గింజంత ఎముక ముక్క వెనక్కి జరిగి
దారికడ్డం కూర్చుంది.
ముందుకు వంగితే సందు కాస్త తెరుచుకుంటుంది,
వెనక్కి వాలితే మూసుకుంటుంది, అంది.
అర్థమైందా అన్నట్టు నా మొహం చూసింది.

అమ్మా, ఇరవయ్యేళ్లు ఆకు అల్లినదాన్ని.
కర్రకీ కర్రకీ నడుమ జానెడు వదలకపోతే
ఆకు ఉడుకుద్ది, నల్లబడుద్ది,
ఆ ఏటి అప్పు ఆ ఏడే పిల్లలు పెడుద్ది.
ఇరుకంటే ఏందో నాకు చెప్పాలా?

మూడు నెలలు చెక్కబల్ల. ఆపైన బెల్టు.
ఎముక అతికింది. ముక్క అక్కడే ఉంది.
ఇప్పుడు కొండపి సెంటరుకు నిటారుగా నడిస్తే
పాలకేంద్రం దాటకముందే తొడల్లో చీమల బారు,
అరికాళ్లు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు.
ఆగి, చెప్పులో ముల్లు తీసుకునేవాడిలా వంగుతాడు.
చీమలు దిగిపోతాయి.
సైకిలు మీదైతే మాత్రం టంగుటూరు పోయొస్తాడు
హ్యాండిలు మీదికి వాలి, ఈలేసుకుంటా.
"నడవలేనోడు తొక్కుతాడంట, పింఛను నాటకం"
అని టీ బంకు దగ్గర నవ్వారు.
సందు సంగతి వాళ్లకెట్టా చూపించను?
అద్దాల బీరువానా తెరవడానికి?

పై పనులన్నీ నావయ్యాయి:
బల్బు మార్చడం, అటక మీది గంప,
మునక్కాయ దోటీతో లాగడం.
పొద్దున్నే అడుగుతాడు, మబ్బేమన్నా ఉందా అని.
ఉన్నా లేనట్టు చెప్తా ఒక్కోసారి,
క్యూరింగు రోజుల్లో అతని బెంగ నాకు తెలుసు.

బ్యారన్ యజమాని బండి మీద వచ్చాడు మొన్న,
పరిహారం మాట్లాడను.
అరుగు మీంచి లేచాడు మాలకొండయ్య.
లేచి, గుంజకు ఆనుకోకుండా, నిలువునా నిలబడ్డాడు
ఒకప్పుడు ఏడో దూలం మీద నిలబడ్డట్టు.
వంగయ్యా, వంగు, అని కళ్లతో అంటున్నా.
నా వైపు చూడలేదు.
ఆయన మొదట ముప్పై వేలన్నాడు,
తర్వాత ఇంట్లో పెళ్లి గురించి చెప్పాడు,
తర్వాత వేలంలో పొగాకు రేటు గురించి.
ఇతని పిక్కలు వణకడం లుంగీ అంచులో కనపడతా ఉంది.
ఒక్కటే మాట అన్నాడు, మెల్లిగా:
"దూలం పుచ్చిందని పోయినేడే చెప్పా గదన్నా."
ఆయన చాలాసేపు బండి తాళం తిప్పాడు వేలిమీద.
తర్వాత జేబులోంచి కట్ట తీశాడు,
అరవై, సరేనా, అన్నాడు.

బండి చప్పుడు మలుపు తిరిగిందాకా ఆగి
గుంజ పట్టుకుని వంగాడు.
ఎంత వంగాడంటే, నుదురు అరుగుకు తగిలింది.
మంచినీళ్లు తెచ్చేసరికి
ఆ వంపులోనే ఉండి, నింపాదిగా,
వేలు తడుపుకుంటా నోట్లు లెక్కపెడుతున్నాడు.

రెండొందలు తక్కువంట.