ఇంకో వేలు

చీమకుర్తిలో రేషన్ కొట్టు ముందర
సంచి చంకలో పెట్టుకుని
పదమూడో మనిషిగా నిలబడితే
వెనకనించి జాలమ్మత్త అడుగుద్ది:
'ఏరా మాల్యాద్రీ, ఆ దేశం ఎట్టుందిరా?'

ఏం చెప్పను.
పోయింది నాలుగు రోజులకి.
అందులో ఒక రాత్రంతా నేను చూసింది
ముందున్నాయన మెడ.
మూడు మడతలు, నడిమి మడతలో పుట్టుమచ్చ.
ఒంగోలు సంతలో కనపడినా ఆ మచ్చని గుర్తుపడతాను.

మేం పంపిన పలకలకి మెరుపు పోయిందని
అక్కడి షావుకారు పేచీ పెడితే
'పాలిష్ చేసిన చేతినే పంపిస్తా, చూస్కో' అన్నాడంట మా ఓనరు.
అట్టా ఎక్కాను చెన్నైలో విమానం,
రెండు చేతులూ వెంటబెట్టుకుని.

దిగాక తాడు కట్టి మడతలు మడతలుగా తిప్పారు.
పొగాకు బ్యారన్లో కర్రలకి గుచ్చిన ఆకులం,
పచ్చగా లోపలికి పోయి
తెల్లారేసరికి పసుపెక్కాం.
పద్నాలుగు గాజు గూళ్లు.
మూడింట్లోనే మనుషులు.
ఆ ముగ్గురిలో ఒకాయన లేచి పోయాడు,
కుర్చీ మాత్రం కాసేపు తిరుగుతా ఉంది.

ఏ ఊరిదో, ఏ భాషదో
ఒక ముసలామె నా బ్యాగు మీద కూర్చుంది.
అడగలా.
నేనూ లెమ్మనలా.
లైను కదిలినప్పుడల్లా ఆమె లేచేది,
నేను బ్యాగు జరిపేవాణ్ణి,
మళ్లీ కూర్చునేది.
మా ఇద్దరికీ అది అలవాటైపోయింది.

నా వంతొచ్చింది.
నాలుగు వేళ్లు పెట్టమన్నాడు.
ఎర్ర లైటు.
తడిగుడ్డతో అద్దం తుడిచాడు.
ఎర్ర లైటు.
'ఇంకో వేలు' అన్నాడు. భాష రాకపోయినా ఆ మాట తెలుసు నాకు,
ఇక్కడ ఓబులేసు నెలనెలా అనేదే.
అలవాటుకొద్దీ వేలు తలకి రుద్దుకున్నాను, నూనె జిడ్డుకి పడుద్దని.
గాజవతలాయన నా తల వంక చూశాడు.
పక్క లైనులో ఎవరో కిసుక్కుమన్నారు.

ఇరవై రెండేళ్లు తడిరాయి మీద పెట్టిన వేళ్లివి.
ముందు గరుకు బిళ్ల, తర్వాత నున్న బిళ్ల,
ఆఖరికి అరచేత్తో తడిమి చూసుకోటం.
రాయిలో మొహం కనపడేదాకా తడిమాను.
ఎప్పుడు పోయాయో గీతలు,
చూసుకోలా.

పక్కన బెంచీ మీద కూర్చోబెట్టారు.
నా పాస్‌పోర్టు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయి
ఒక తలుపు వెనకాల మాయమైంది.
ఏం చెయ్యాలో తోచక తల దించాను.
నల్లరాయి.
అందులో బంగారు నూక.
చెప్పు విప్పి పాదం ఆనించాను.
మూడో పలకలో వెంట్రుకంత బీట, జిగురు పోసి కప్పెట్టింది.
నడిచేవాళ్లకి కనపడదు,
కప్పెట్టేవాళ్లకి కనపడుద్ది.
మాదేనని ప్రమాణం చెయ్యలేను,
ఇక్కడెన్ని ఫ్యాక్టరీలు, ఎన్ని చేతులు.
కానీ ఆ చల్లదనం నాకు తెలిసిందే.
దాని మీద చక్రాల పెట్టెలు ఈడ్చుకుంటా
జనం బయటికి పోతానే ఉన్నారు.

తెల్లారాక డ్యూటీ మారింది.
కొత్తగా వచ్చిన పిల్ల
పది వేళ్లూ ఒక్కొక్కటే పట్టుకుని పెట్టించింది,
బళ్లో బలపం పట్టించినట్టు.
ఎడమ చేతి చిటికెన వేలు పడింది.
రాయి దాన్ని మర్చిపోయినట్టుంది.

రెండు రోజులు రుద్దాను అక్కడ. మెరుపొచ్చింది.
అది మాత్రం ఎవరూ అడగరు.

'మాల్యాద్రీ, రా' అన్నాడు ఓబులేసు.
నేరుగా చిటికెన వేలు పెట్టాను.
'అది కాదయ్యా, ఇంకో వేలు' అన్నాడు.
పెట్టేలోపల మిషన్ కూతేసి ఆగింది,
సర్వర్ పోయిందంట, గంటో రెండు గంటలో.

ఎండ అరుగెక్కతా ఉంది.
పక్కన కింద పెట్టిన నా సంచి సర్దుకుని
జాలమ్మత్త దాని మీద కూర్చుంది.
అడగలా.