చద్ది ధర

తెల్లారగట్ల నాలుగున్నరకి
విక్టోరియా సరస్సు మీద లాంతర్లు ఒక్కొక్కటే ఆరిపోతాయి.
రాత్రంతా వెలుగు ఆశ చూపి పట్టిన ఒమేనా,
వేలెడంత లేని వెండి చేపలు,
పడవల అడుగున ఇంకా గిలగిల్లాడుతుంటాయి.

అప్పుడు మొదలయ్యేది నా సర్వరుకు గుండెదడ.

కిసుములో, సైకిల్ సామాన్ల కొట్టు మీది గదిలో
నేను రాసిన ధరల పేజీ.
దుంగా రేవు నుంచి, ఉసెంగె నుంచి, బస్సు మెట్ల మీంచి
ఏడు వేల ఫోన్లు ఒకే మాట అడుగుతాయి:
గోరోగోరో ఎంత?
రెండు కిలోల ఆ రేకు డబ్బానే ఇక్కడ తూకం, ఇక్కడ ధర్మం.

అడిగిన ప్రతిసారీ డేటాబేసు
ఆరేళ్ల పద్దులూ మొదటి నుంచి తిరగేసేది.
ఇందాకేగా చెప్పాను, అనడం దానికి రాదు.
కళ్లద్దాలు సవరించుకుని
ఏడు వేలసార్లు లేచి వెళ్లే ముసలి గుమస్తా.
ఐదింటికల్లా చతికిలబడేది.
నిండు పున్నమినాడు వేట ఉండదు కనక
నెలకి ఆ ఒక్క రాత్రే ఇద్దరికీ నిద్ర.

అందుకని వాకిట్లో ఒక జ్ఞాపకాన్ని కూర్చోబెట్టాను.
ఒక్కసారి లోపలికెళ్లి అడిగి రా,
పావుగంటదాకా అదే అందరికీ చెప్పు, అన్నాను.
దీన్ని క్యాష్ అంటారని కింద కొట్టు ఒడెరోకి చెబితే
అద్దె కూడా అందులోంచే ఇమ్మన్నాడు.
రాత్రి మిగిలిన ఉగాలి పొద్దున టీలో నంజుకు తినే ఇంటిదాన్ని.
చద్దికి వంక పెట్టడం నాకెవరూ నేర్పలేదు.

తెర మీద గీత కిందికి దిగింది.
ఫ్యాను రొద సన్నబడి
కింద ఎవరో సైకిల్ బెల్లు సరిచూస్తున్న చప్పుడు వినబడింది.

మార్చిలో ఒక మంగళవారం.
రాత్రంతా కొట్టిన గాలి తెల్లారి ఉన్నట్టుండి పడిపోయింది.
దీవుల చాటున ఆగిన పడవలన్నీ ఒక్కసారే ఒడ్డెక్కాయి.
రెండొందల పది ఉన్న డబ్బా
నూట నలభైకి జారింది, తొమ్మిది నిమిషాల్లో.
నా జ్ఞాపకం మాత్రం వాకిట్లో కాలు మీద కాలేసుకుని
రెండొందల పది, రెండొందల పది అంటూనే ఉంది.
ఒకప్పుడు నిజమే.
ప్రాణం పోయి తొమ్మిది నిమిషాలు, అంతే.

ట్రుఫోసా ఒగుటు ఆ లెక్కన పన్నెండు డబ్బాలు కొంది.
పేజీ అడుగున నంబరు చూసి ఫోన్ చేసింది.
తిట్టలేదు. తిడితే బాగుండేది.
"అమ్మాయ్, నీ ధర వాసనొస్తోంది" అంది.

ఎనిమిదొందల నలభై షిల్లింగులు.
కాగితం మీద చేత్తోనే వేశాను ఆ లెక్క.
పంపుతానంటే వద్దంది,
రేపటి ధర సరిగ్గా పంపమంది.

దాచడానికేముంది, మూత ఉంటే చాలు.
ఎప్పుడు పారబోయాలన్నదే వంట.
ఇప్పుడు రేవులో కొత్త ధర కొట్టగానే
పాతది ఆ క్షణమే పెంటకుప్ప మీదికి.
మరి గాలివానలో సిగ్నలే పోయి
కొత్త ధర నాదాకా రాకపోతే?
దానికి నా దగ్గర జవాబు లేదు, చద్దిది కూడా.
అందుకే అంకె కింద చిన్నక్షరాల్లో ఒక వరస పెట్టాను:
పట్టి నాలుగు నిమిషాలైంది.

శనివారం నేనే రేవుకెళ్లాను.
ట్రుఫోసా ఒక ఒమేనా కంట్లోకి చూసింది,
రెండు వేళ్ల మధ్య నొక్కి చూసింది.
తర్వాత ఫోన్ తీసి, ఆ వరస పెదవులు కదుపుతూ చదివి,
నా మొహం వంక ఓసారి చూసి,
ఫోన్ని ముక్కు దగ్గర పెట్టుకుని
వాసన చూసింది.