డ్యూటీ లేని రాత్రి

దేవరకొండ దాటినంక రోడ్డు సన్నగయ్యింది.
ముగ్గురం నర్సులం,
వారమంతా నైట్ డ్యూటీ చేసి
రెండు రోజుల సెలవు అడుక్కొని
అద్దెకు దొరికిన ఒక్క డేరాతోని
ఆటోల వైజాగ్ కాలనీకి పోతున్నం.
వైజాగ్‌కు కాదు,
ఆ పేరు మోసుకొచ్చి
సాగర్ వెనక నీళ్ల ఒడ్డున దించుకున్న ఊరికి.
"సముద్రమని చెప్పి చెరువు చూపిస్తరు, పోండి"
హెడ్ సిస్టర్ నవ్వింది సంతకం పెడుతూ.

గుట్ట మలుపు తిరగంగనే
మంగ్తి ఏదో అనబోయి ఆగింది.
ఇన్ని నీళ్లా.
ఎవరూ వంతుకు నిలబడని
ఎవరి బిందే ముందుకు జరగని
ఇన్ని నీళ్లా.
వాళ్ల తండాల ట్యాంకరొచ్చే రోజు
మనుషులకంటే ముందు బిందెలే లేచేవట.

గుట్టెక్కినం. దారి మేకలు వేసింది,
మనుషుల కాళ్లకు సరిపోదు.
తునికి చెట్ల నడుమ బోదగడ్డి,
రేగుకంప కౌసర్ దుపట్టా పట్టుకొని
ఎన్నడో విడిపోయిన చుట్టం లెక్క ఇడ్వదు.
సెలైన్ స్టాండు తోసినట్టు
కర్ర తోసుకుంటూ నేను వెనక.

డేరా నిలబెట్టుడు మాకు రాలేదు.
దొరకని నరంల సూది దించేటోళ్లం,
ఒక్క మేకు నేలల దించలేకపోయినం.
కిందంతా బండే.
నాలుగు మూలల నాలుగు రాళ్లు పెట్టి
సంచిల నుంచి సెలైన్ పైపు తీసి కట్టింది మంగ్తి.
ఇదెందుకు తెచ్చినవే అంటే
"ఏమో, సంచిలనే ఉంటది" అన్నది.

పడవ మైలపల్లి నూకరాజుది.
తాత డ్యాం పనికి వచ్చిండట,
నీళ్లు నిండినంక మళ్లి పోబుద్ధి కాలేదట.
ఇక్కడనే పుట్టిండు గాని
నాలుక ఇంకా ఉప్పు గాలి మరిచిపోలేదు.
"ఎటెల్దారమ్మా?"
"యాడికన్న సరే అన్నా."
రెండు తెలుగులు ఒక్క పడవల కూసున్నయ్.

నడిమిట్ల ఇంజను బంద్ చేసిండు.
అప్పుడు తెలిసింది
వారం నుంచి నా చెవులల్ల
మానిటర్ కూత ఒకటి కాపురముంటున్నదని.
అది మెల్లగ లేచి, నీళ్ల మీదికెళ్లి పోయింది.

కౌసర్ది మర్రిగూడ దిక్కు.
బోరు నీళ్లు పండ్ల మీద గీసిన గీతలు
ఇటుక రంగువి.
పన్నెండేండ్ల దోస్తానా మాది,
నవ్వినప్పుడల్లా అరచెయ్యి చూసిన,
నవ్వు చూడలే.
పెండ్లి ఫోటోల కూడా పెదవులు తాళమేసే ఉన్నయ్.

పడవ ఒక్కసారి ఒరిగింది.
రెండు చేతులా అంచు పట్టుకొని
అరిచింది, తర్వాత నవ్వింది.
అడ్డం లేదు.
ఎండ నేరుగ పోయి ఆ పండ్ల మీద కూసున్నది.
నేనేమనలే. మంగ్తి దూరంగ కొంగను చూసింది.
నూకరాజుకు ఏం తెలుసో ఏమో
పడవను ఇంకోసారి ఒరిగించిండు.

రాత్రి బొచ్చె చేప. చేప ఆయనది, కారం మాది.
పైసలిస్తే వద్దనలే,
నోట్లు తడి వేళ్లతో లెక్కపెట్టుకున్నడు.
నాకది నచ్చింది.

రెండింటికి ముగ్గురికీ ఒక్కసారే మెలకువ.
బెల్లు లేదు, ఎవరూ "సిస్టరూ" అనలేదు.
ఆరో నంబరు మంచం అవ్వకు బాటిల్ మార్చే యాళ్ల,
ఒంటికి తెలుసు.
డేరా బయట కూసున్నం.
ఆవలి ఒడ్డున వలలోళ్ల దీపం ఒక్కటి.
చీకట్ల నీళ్లొచ్చి రాయిని తాకి పోతున్నయ్.
కౌసర్ తడి రాయి మీద రెండు వేళ్లు పెట్టి
ఫోన్ల నిమిషం చూసుకుంట లెక్కబెట్టింది.
"పద్దెనిమిది. నార్మలే."
ఎవరికని అడగలే.
ఆ మంచం పక్కన తెల్లారిందాక
ఏమీ చెయ్యకుంట కూసున్నం,
మా ఉద్యోగంల మొదటిసారి.

పొద్దుగాల ఆటోల
మంగ్తి ఏదో జోకేసింది.
కౌసర్ చెయ్యి నోటిదాక లేచింది,
చేప వాసన ఇంకా పోలేదు,
ఛీ అని దించేసింది.