రెండు బంతుల ఎడం

బుధవారం రాత్రి కేడీల షెడ్డులో
బంగారం తాకట్టు కంపెనీ కేలండరు చింపి
వెనకవైపు పేర్లు రాశాం.
మనిషికి రెండొందలు. ఇరవై ముగ్గురం.
ఆదివారం కప్పెత్తేది ఎవరో
ముందే చెప్పినవాళ్ళకి మొత్తం.

తలా ఒక శాస్త్రం తీశారు.
సూరాడ ఎల్లాజీ ఫోన్లో ర్యాంకులు చదివాడు.
పైడిరాజు ఆటగాళ్ళ కాళ్ళు చూసొచ్చాడు:
"కొత్త బూట్లోడు గెలవడు, మూడోనాటికి మడమ కొరుకుద్ది."
అర్జిల్లి దాసు మాత్రం బయటికెళ్ళి
ముక్కు పైకెత్తి నిలబడ్డాడు చాలాసేపు.
జాలారిపేటలో పుట్టి, తెప్ప అమ్మేసి ఇటొచ్చినవాడు.
"ఆదోరం రెండు దాటాక గాలి లేస్తాది.
అప్పుడు ఒంగి కొట్టినోడిదే. పేరు నాకేటి తెల్సు?"
పేరు లేని జోస్యం చెల్లదన్నాం.
దాసు తన రెండొందలు తిరిగి రొంటిన దోపుకున్నాడు.

నేను సంఘేరా అని రాశాను.
ఇరవై రెండేళ్ళ చండీగఢ్ కుర్రాడు.
వాడు కొడితే తాటిచెట్టు మీది కాకి
బంతి వెళ్ళిపోయాక తల తిప్పేది.

నేను మోసిన సంచి మాత్రం బెల్లియప్పది.
కూర్గు మనిషి, నలభై నాలుగు నిండాయి,
మోకాలికి పట్టీ, మాట తక్కువ.
రోజూ పొద్దున్నే నాకు సగం అరటిపండు ఇచ్చేవాడు.
సగమే ఎందుకో నేనడగలేదు.

మూడు రోజులు ఆకు కదల్లేదు.
చెమటకి చేతిలో కర్రలు జారాయి.
నాలుగో రోజు రెండుంపావుకి
దాసు చెప్పిన గాలి వచ్చింది.
సరుగుడు తోపు హోరెత్తింది, జెండాలు కర్రలకి చుట్టుకున్నాయి.
సంఘేరా బంతులు ఆకాశానికి లేచి
తెగిన గాలిపటాల్లా పక్కకి పోయాయి.
బెల్లియప్ప కిందుగా కొట్టాడు, నేలకి రహస్యం చెప్పినట్టు.
నాలుగు దెబ్బల తేడా మూడైంది, రెండైంది.
ఒక్కో గుంత దగ్గరా చప్పట్లు కొట్టాను,
కొట్టిన చేతిని చూసుకున్నాను.

పద్దెనిమిదో గ్రీను. ఏడడుగులు.
పడితే సమం, మళ్ళీ ఆడాలి.
పడకపోతే సంఘేరాది.
బెల్లియప్ప నొప్పి మోకాలి మీదే కూర్చుని
"కిధర్?" అన్నాడు.

ఇక్కడ బంతులన్నీ సముద్రం వైపే వాలతాయని
కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఎవరో ఒకరు చెబుతారు.
నిజమే, పదిహేడు గ్రీన్ల దాకా.
హుద్‌హుద్ పోయాక పద్దెనిమిదోది మళ్ళీ వేశారు.
ఆ మట్టి తట్టలతో మోసినవాళ్ళలో నేనొకణ్ణి.
రోలరు చెడిపోయిన సాయంత్రం
ఆ మూల కొండవైపు కుంగి, అలాగే మిగిలిపోయింది.
కూలి కోస్తాడని మేస్త్రీకి చెప్పలేదు.

కాగితం మీద సంఘేరా పేరుకి నలుగురం.
తలా పదకొండొందలు.
అబద్ధమాడక్కర్లేదు, ఊరుకుంటే చాలు.
నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది:
"కొండవైపు సార్. రెండు బంతుల ఎడం."
"సముందర్ ఇటుంది కదా?"
"అయినా కొండవైపే."
నా మొహం చూశాడు. సముద్రం చూశాడు.
సముద్రాన్ని నమ్మాడు.

బంతి గుంత అంచైనా తాకకుండా
కొండవైపు పోయి ఆగింది.
అతను టోపీ తీశాడు, కుర్రాడికి చెయ్యిచ్చాడు,
నా దగ్గరికొచ్చి "సారీ" అన్నాడు.
ఆ మాటని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
కర్రలు తుడుస్తూ ఉండిపోయాను.

షెడ్డులో నోట్లు లెక్కపెడుతుంటే దాసు వచ్చాడు.
"నిజం సెప్పు. ఆడికి ఎటు సూపించావు?"
"కొండవైపే."
ఎల్లాజీ నవ్వాడు. పైడిరాజు నవ్వాడు.
దాసు నవ్వలేదు. "ఒట్టెయ్యకు," అన్నాడు,
"ఒట్టేసినా ఎవుడూ నమ్మడు."

హనుమంతవాక దాకా షేరాటో.
జేబులో పదకొండొందలు,
వాటికింద నల్లబడిన సగం అరటిపండు,
పొద్దున తినడం మర్చిపోయింది.
సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు తిన్నాను.
గాలి అప్పటికే పడిపోయింది.