అక్షరం లేని తలకట్టు

గానుగ సున్నం వాసన నా చేతుల్ని వదలదు.
హాల్ట్‌బర్న్ బస్సులో నా పక్కసీటు ఎప్పుడూ ఖాళీయే.

పనిచోటు ఒకప్పటి మెథడిస్టు ప్రార్థనామందిరం.
ఆ తర్వాత తివాచీల గోదాం.
ఇప్పుడు తాళ్ళు కట్టుకుని పిల్లలు గోడలెక్కే జిమ్.
ప్రసంగవేదిక ఉన్నచోట పరుపులు పరిచారు,
పడ్డవాళ్ళని అడక్కుండా పట్టుకుంటాయి.

ఉత్తరపు కిటికీ కింద
పాత సిమెంటు చెక్కుతుంటే బయటపడింది:
రాతిమీద రెండు ఉలిగీతలు,
ఒకటి పొట్టి, ఒకటి పొడుగు.
"మేస్త్రీ గుర్తు," అన్నాడు రాబ్సన్ టీ ఊదుకుంటూ.
"చదువురాదు వాళ్ళకి. చెక్కిన ప్రతిరాయికీ గుర్తేస్తే
శనివారం లెక్కపెట్టి కూలిచ్చేవాళ్ళు."
నాకది తలకట్టులా కనిపించింది.
కింద అక్షరం లేదు.

ఆదివారం గుట్టెక్కి కోట చూసొచ్చాను.
సగం గోడ, దాన్నిండా కాకులు.
మెట్లమలుపులో అదే తలకట్టు,
తలకిందులుగా.
అంటే కోటకీ అది సొంతరాయి కాదు.
ఏటి ఒడ్డున సన్యాసుల మఠం కూలగొట్టి
బళ్ళకెత్తినవాడికి
ఏ వైపు పైకో పట్టలేదు.
వందేళ్ళకి ఫిరంగులొచ్చి
కోటకీ అదే మర్యాద చేశాయి.
మిగిలింది రైతులు మోసుకుపోయారు,
పందుల దొడ్డికి, వంతెనకి,
చివర్లో చందాలేసుకుని ఈ మందిరానికి.

"ఒక్కడే చెక్కాడని నీకెవరు చెప్పారు?" అన్నాడు రాబ్సన్.
"తండ్రి గుర్తు కొడుకు వాడేవాడు.
పక్కూరివాడు దొంగిలించేవాడు."
నిజమే.
అయినా రాత్రి నిద్రపట్టక
ఆ గీతల కింద అక్షరాలు పెట్టి చూశాను.
'ర' పెడితే దొర్లిపోయింది.
'క' పెడితే రాయి మొయ్యనంది.
మనవన్నీ గుండ్రాలు,
వాడి ఉలికి తెలిసింది తిన్నటి గీతే.

ఇవాళ, వంతు కోసం కూచున్న ఒక పిల్ల,
ఫ్రేయా అట, ముందుపన్ను లేదు,
సుద్దపొడి వేలు ఆ గాట్లో పెట్టి అడిగింది:
"ఇది పట్టుకుని ఎక్కడానికా?"
కాదు, ఒకరి కూలి లెక్క, అన్నాను.
"ఇచ్చారా?"

ఏం చెప్పాలో తెలీక
బకెట్టు కలియబెట్టాను.

గోడంతా మెత్తమని ఒప్పందం.
జానెడు మేర వదిలేశాను,
రాబ్సన్ చూసి చూడనట్టు గరిటె కడుక్కున్నాడు.
పచ్చి సున్నం తొందరగా ఆరితే పగుళ్ళిస్తుంది.
తడి గోనె కప్పి
ఆరున్నర బస్సుకి పరిగెత్తాను.