నలభై రెండు మిల్లీమీటర్లు

జాగ్రఫీ డిపార్ట్‌మెంటు వెనక
మొగలి పొదకీ సైకిల్ స్టాండుకీ మధ్య
ముళ్లకంచె లోపల మోకాటి ఎత్తు రాగి గరాటు.
ఇరవై ఆరేళ్లుగా పొద్దున్నే ఎనిమిదిన్నరకి
సీసాలో నీళ్లు కొలగ్లాసులో పోసి
కంటికి తిన్నగా ఎత్తి చూసేది నేనే.
పేరు దండాసి. జీతం పుస్తకంలో అటెండరు.
బరంపురంలో వాన ఎంత పడిందో ముందు నాకు తెలుస్తుంది,
తర్వాత రిజిస్టరుకి.

పిల్లలు వస్తారు, పోతారు.
ఇచ్ఛాపురం నుంచి పాసింజరులో దిగేవాళ్లు
ఒడియాలో పాఠం విని, ఇంగ్లీషులో రాసుకుని
నా సామాన్ల గదికొచ్చి తెలుగులో భయపడతారు.
"ఈ కంపాసు ముల్లు ఇలా వణుకుతోందేటి?"
జేబులో తాళాలగుత్తి తియ్యరా ముందు, అంటాను.

ఒక ఏడు సర్వేకి బాహుదా ఒడ్డుకెళ్లాం.
నడుంలోతు నీళ్లలో నిలబడి
ఎరుపు తెలుపు కర్ర నిటారుగా పట్టుకుంటే
గట్టు మీంచి పాణిగ్రాహి సారు కేకేశాడు,
"కొంచెం ఆంధ్రావైపు జరుగు!"
జరిగాను.
నీళ్లు అంతే చల్లగా ఉన్నాయి.

నిన్న సెమినారు.
నూట ఇరవై కుర్చీలు, బంతిదండలు, పలకని మైకు,
సంబల్పూరు నుంచి వచ్చిన పెద్దలు.
గోడ మీద లిప్సారాణి గౌడ పరిశోధన వెలుగుతోంది.
ఇరవై ఆరేళ్ల వానలు, ఒక నీలం గీత.
నా అంకెలన్నీ వరసగా నిలబడ్డాయి
హాస్టలు మెస్సు ముందు పళ్లేలు పట్టుకున్న పిల్లల్లా.
టీ ట్రేతో వెనక నిలబడి పోల్చుకుంటున్నాను:
ఈ గుంట, బావులెండిన ఏడు.
ఈ గుట్ట, తుపాను. కంచె లేచిపోతే
రాత్రంతా గరాటుని వాటేసుకుని కూచున్నాను.
ఆ పక్కన, ఏప్రిల్లో,
ఒంటరిగా ఒక ముల్లు.

ట్రేలో కప్పులు చప్పుడు చేశాయి.

ఆ రాత్రి నేను పులిని.
ఠాకురాణి యాత్ర. కాలు విరిగిన మా పిల్లది
మళ్లీ నడిస్తే వేషం కడతానని మొక్కు. నడిచింది.
ఒళ్లంతా పసుపు, నల్లచారలు, వెదురుబద్ద తోక.
బజారు మధ్యలో డప్పులకి గెంతుతుంటే వాన.
తెల్లారి తోక కూడా విప్పకుండా పడి నిద్రపోయాను.
మర్నాడు వెళ్తే సీసా ఖాళీ,
ఎవడో బండి అద్దం కడుక్కున్నాడు.
రిజిస్టరులో గడి నోరు తెరుచుకునుంది.
చారలు బొడ్డుదాకా కారి ఆగడం గుర్తొచ్చింది.
బొడ్డుదాకా అంటే
నలభై రెండు, అనుకున్నాను. రాసేశాను.

సంబల్పూరు పెద్దాయన కళ్లజోడు సవరించుకుని
"ఆ ఒక్కరోజూ చూసినవాడి పొరపాటేమో" అన్నాడు.
పాణిగ్రాహి సారు నవ్వాడు:
"మా దండాసి ఒక్కరోజు తప్పితే ఒట్టు!"
చప్పట్లు.
నేను బిస్కెట్లు పంచాను.

సాయంత్రం కుర్చీలు మడుస్తూ ఆమెకి చెప్పేశాను.
చాలాసేపు మాట్లాడలేదు.
"మౌసా, బైండింగు కూడా అయిపోయింది."
తర్వాత, "ఇంతకీ వాన పడిందా?"
పడింది తల్లీ, నా మీదే పడింది.
"ఎంత?"
మెడ నుంచి బొడ్డుదాకా చేత్తో చూపించాను.

నవ్వుతుందనుకున్నాను.
సంచిలోంచి పెన్సిలు తీసి, పుస్తకం తెరిచి
ఆ ముల్లు పక్కన చిన్న గుర్తు పెట్టింది.
నాకు ఇంగ్లీషు రాదు గానీ ఆ గుర్తు తెలుసు,
ఎన్ని పరీక్ష పేపర్ల కట్టలు మోశానని!
వంకర తిరిగి, కింద చుక్కతో,
అచ్చం నా తోక.

ఇవాళ ఉత్త చినుకులు. మూడు పాయింటు రెండు.
రెండుసార్లు పోసి చూశాను.
గరాటులో కప్ప ఉంటే తీసి మొగలి పొదలో వదిలాను.
రిమార్కుల గడి ఇన్నేళ్లూ ఖాళీయే.
అందులో రాశాను:
కప్ప ఒకటి.