ఎడమచేతికి పని

రుస్తవి కార్ల సంతలో పొద్దున్నుంచీ ముసురు.
అద్దాల మీద సుద్దతో రాసిన ధరలు
కారి ఒకదాన్లోకి ఒకటి దిగుతున్నాయి.
జుంబెర్ ప్రతి టైరునీ బూటుతో తడుతున్నాడు,
పుచ్చకాయని వేలితో కొట్టి చూసినట్టు.

చివరికి రెండు మిగిలాయి.
వెండిరంగుది ఆటోమేటిక్.
ఎక్కడో గుద్దుకుని, ఓడెక్కి వచ్చి,
ఇక్కడ వేరే బండి తలుపు తొడుక్కుంది.
నీలంది మాన్యువల్.
గేరు పిడి మీద అంకెలు అరిగి
చప్పరించిన చక్కెర బిళ్లలా ఉంది.

"వెండిది తీసుకో తాతా" అన్నాడు మల్ఖాజ్,
"కాలికి సెలవు, చేతికి సెలవు."

నిజమే.
ముప్ఫై ఒక్క ఏళ్లు ద్రాక్షగంపల ట్రక్కు తోలిన మనిషి.
ఎడమ మోకాలిని క్లచ్చి తినేసింది.
మెట్లు దిగేటప్పుడు
పైకి వినిపించేలా లెక్కపెట్టుకుంటాడు.
ఆలోచించడానికేముంది?

నేనే అడ్డం పడ్డాను.
గొంబోరి కనుమ దిగేటప్పుడు బ్రేకులు మాడిపోవూ?
ఆ గేరుపెట్టె పాడైతే
బాగుచేసేవాడు తెలావిలో ఎవడున్నాడు?
రెండూ న్యాయమైన ప్రశ్నలే.
రెండూ నేనడగాలనుకున్నవి కావు.

"బండి నువ్వు నడుపుతావా ఏమిటమ్మా?"
మల్ఖాజ్ నవ్వాడు.
స్టీరింగు ముట్టుకున్న పాపాన పోలేదు నేను.

కానీ ఒక చలికాలం
జుంబెర్ కుడిచెయ్యి పిండికట్టులో ఉంది.
ఎవరిదో పెళ్లి. సారా పీపాలు తెల్లారేసరికి
త్బిలిసి చేరాలి. బయట మంచు.
అతను ఎడమవైపు, నేను కుడివైపు,
నడుమ గేరు కర్ర.

క్లచ్చి తొక్కి "రెండు" అనేవాడు.
నేను తోసేదాన్ని.
మొదటి మలుపులో రెండు బదులు నాలుగేశాను.
ట్రక్కు ఒళ్లంతా ఊగేలా దగ్గింది.
తిట్టలేదు.
"పాపం, దానికి పొలమారింది" అన్నాడు.

నాలుగో మలుపుకి అతని నోరు తెరుచుకునేలోపే
నా చెయ్యి కదిలింది.
ఆ తర్వాత కొండ దిగిందాకా
ఇద్దరం ఒక్క మాట అనుకోలేదు.
అతని కాలు, నా చెయ్యి, ఇంజను గొంతు
ఆ రాత్రి ఒకే ఒంటివి.

ఆరు వారాలకి కట్టు విప్పారు.
నా చెయ్యి నా ఒళ్లోకి వచ్చేసింది.
ఆ సంగతి మళ్లీ ఎత్తలేదెవరమూ,
ఎత్తేటంత పెద్దది కాదు.
మలుపు ముందర మాత్రం ఇప్పటికీ
నా ఎడమ అరచెయ్యి కొంచెం ముడుచుకుంటుంది,
కొంగు కింద, దొంగలా.

నీలం బండి తోలి చూసి వచ్చాడు జుంబెర్.
మొహం వెలిగిపోతోంది.
తలుపు తీశాడు.
కుడికాలు దించాడు.
ఎడమకాలిని రెండు చేతులతో ఎత్తి
పక్కింటివాడి సామానులా
జాగ్రత్తగా కింద పెట్టాడు.

"వెండిది" అన్నాను.

బేరం గంటసేపు సాగింది.
మూడు వందలు తగ్గాయి,
మంచు గొలుసులు ఊరికే వచ్చాయి.
మల్ఖాజ్ తాళాలిస్తూ
తలుపు రంగు గురించి ఎవరూ అడక్కుండా
వాతావరణం గురించి మాట్లాడాడు.

కనుమ ఎక్కుతున్నాం.
నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు
బండి తనంతట తానే గేరు మార్చుకుంటోంది.
అతని ఎడమకాలు ఓ మూల పడుకుంది.
ఉండుండి ఉలిక్కిపడి
లేని పెడల్ని వెతుక్కుంటోంది.

అయిదో మలుపులో
రోడ్డు మీంచి చూపు తిప్పకుండా
"రెండు" అన్నాడు.

నా చెయ్యి వెళ్లిపోయింది.
బండి అప్పటికే మార్చేసుకుంది.
ఆ కొత్త పిడి మీద, చల్లగా,
చెయ్యి అలాగే ఉండిపోయింది.

"పొలమారలేదు" అన్నాడు.

ఇల్లు చేరేలోపు
ఇంకా పదకొండు మలుపులున్నాయి.